సూసిన నాడు కొనొద్దు

మొన్న సాయంత్రం ఉప్పల్ మెట్రో దగ్గర స్కైవాక్ మీద నడుస్తున్నదాన్ని ఉన్నట్టుండి ఆగిపోయాను. వెనకాల వస్తున్నాయన నాకు తగిలి, జర సూసుకొని నడువున్రి మేడం, అని సణుక్కుంటూ పోయాడు. ఆయన్ని అనడానికేం లేదు. అంత జనం మధ్యలో కొయ్యలా నిలబడ్డది నేనే.

నాకు కాస్త ముందు ఒక పిల్ల నడుస్తోంది. పట్టుచీర, ముదురు నీలం జాకెట్టు, చేతిలో గిఫ్టు ప్యాకెట్టు. ఏదో ఫంక్షనుకు బయల్దేరినట్టుంది. మోచేతుల దాకా ఉన్న ఆ జాకెట్టు చేతుల మీద ముత్యాల్లేవు, అద్దాల్లేవు, నెమళ్ళు అసలే లేవు. పచ్చ దారంతో కుట్టిన ఒక చిన్న తేలు, దాని పైన చుక్కలతోనే కొమ్మలేసిన ఒక చెట్టు. చుక్కలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఒక కొమ్మ చివరి చుక్క మాత్రం వరస తప్పి పక్కకు పోయింది.

ఆ చుక్క నాకు తెలుసు. ఎవరి చేతి మీదిదో తెలుసు, ఎందుకు పక్కకు పోయిందో కూడా తెలుసు. దాన్ని దారంలోకి దించినావిడతో పాటే అదీ పోయిందని పోయినేడు ఏడ్చాను కూడా.

ఆమె నాచారంలో మా ఇంటావిడ. పేరు రాయను. రాసినా మా వీధిలో ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే అందరికీ ఆమె మిషనక్కే. మేం పైవాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను గుంటూరు వైపు నుంచి వచ్చిన టీచర్ని. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఎంతమంది ఉంటారనిగానీ నీళ్ళు ఎంత వాడతారనిగానీ ఆమె అడగలేదు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే, "పొద్దుగాల మిషను చప్పుడైతది. తలకాయ నొస్తదా?" అని అడిగింది. నొయ్యదన్నాను. తర్వాత నొచ్చింది, అది వేరే సంగతి.

నాచారం ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్న కుటుంబం వాళ్ళది. పొలాలు పోయాయి, ఆ పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాయి. ఆమె భర్త చర్లపల్లిలో ఒక కంపెనీలో పనికి వెళ్ళేవాడు. ఒకప్పుడు వడ్ల బస్తాలు వేసిన ముందుగదిలో ఆమె కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. జాకెట్లకు, లంగాలకు, పిల్లల గౌన్లకు డిజైన్లు కుట్టి ఇచ్చేది.

ఆ పనికి దారాలూ బట్టా దుకాణంలో దొరుకుతాయి. డిజైన్లు మాత్రం ఫోన్లోనే కొనుక్కోవాలి. కొన్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి మిషనుకు తగిలిస్తే అది టకటకా కుట్టేస్తుంది. మిషను కొన్న కొత్తలో ఆమె కూడా అందరిలాగే కళ్ళబడ్డ నెమలినల్లా కొనేసిందట. చివరికి ఏ నెమలి ఎక్కడుందో తెలియక, ఉన్న నెమలినే మళ్ళీ కొని, తన మీద తనకే చిరాకేసి ఒక పద్ధతి పెట్టుకుంది. "దారం రీళ్ళయితే డబ్బ నిండుతది, సాలు అని తెలుస్తది. ఈ డిజైన్లకు జాగ వట్టది టీచరమ్మా. జాగ వట్టనిదే మస్తు ఖరాబు" అనేది.

ఆ పద్ధతి అంతా విష్‌లిస్టుల్లో ఉండేది. డిజైన్లమ్మే సైటులో నచ్చినదాని మీద గుండె గుర్తు నొక్కితే అది మన పట్టికలో చేరుతుంది కదా. ఆ పట్టికలకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. ఒకదానికి ఆమె 'ఆర్డరు' అని పెట్టింది. ఇంకోదానికి 'అటక' అని. కంటికి ఇంపైన డిజైను ఏది కనబడినా ముందు అటకెక్కాల్సిందే. లోకంలో అందరూ మనసుపడ్డదాని మీద గుండె నొక్కుతారు. ఆమె మాత్రం కొనకూడదనుకున్నదాని మీద నొక్కేది. కళ్ళ ముందుంటే కొనబుద్ధవుతుంది, అటకెక్కిస్తే నాలుగు రోజులకు మనసు చల్లబడుతుందని ఆమె లెక్క.

డిజైను చూసేటప్పుడు ఒక కన్ను మూసి, ఫోను దూరంగా పట్టుకుని, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు చూసేది. తర్వాత బొటనవేలు కొంగుకు తుడుచుకుని గుండె నొక్కేది. మా వీధిలో వారం వారం కూరగాయల అంగడి జరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం కూరలు తెచ్చి పడేసి, మిషను ఆపి, గడప మీద కూర్చుని ఫోన్లో అటక దులిపేది. ఎవరైనా పిలిస్తే, ఆగుండ్రి, అంగడిల ఉన్న, అనేది. ఎవరైనా నిజంగా అడిగిన డిజైను ఉంటే ఆర్డరులోకి దించేది. మిగతావన్నీ తీసేసేది. తీసేసినప్పుడల్లా పొట్లకాయలోని పురుగును ఏరేసినట్టు ఆమె ముఖంలో ఒక తృప్తి.

"సూసిన నాడు కొనొద్దు. కొన్న నాడు కుట్టాలె." ఇది ఆమె మాట. ఆర్డరులోది కొన్నదంటే ఆ పూటే మిషనెక్కేది. అన్నం సంగతి తర్వాత.

ఒకసారి నా ఫోను లాక్కుంది. నేను పండక్కీ పబ్బానికే కాదు, బడికి సెలవొచ్చినా ఏదో ఒకటి కార్టులో వేసే రకం. ఒక్కో చీరా చూపించి, "ఎన్నడు కడ్తవ్?" అని అడిగింది. చెప్పాను. ఇంకోటి చూపించి, అది ఎన్నడని అడిగింది. నీళ్ళు నమిలాను. బొటనవేలు కొంగుకు తుడుచుకుంది, చీర మాయమైంది. నాకు ఒళ్ళు మండింది. మీ అంగడి మీరు చేసుకోండక్కా, నా జోలికెందుకు, అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. టీ పెడతానని లేచింది. ఆ చీరల్లో ఒక్కటి కూడా నాకు మళ్ళీ గుర్తు రాలేదన్న మాట మాత్రం ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తినెక్కి కూర్చుంటుందని.

ఆమె ఫోన్లో ఇంకో పట్టిక ఉండేది. దాని పేరు 'అత్త చెయ్యి'. అందులో ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి దాచుకునేది కాదు, అడిగినవాళ్ళకల్లా చెప్పేది.

వాళ్ళత్త వెనకగదిలో మంచం మీద ఉండేది. ముసలామె కుడి ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది, తేలూ దాని మీద చుక్కల చెట్టూ. ఆ ముసలామె ఒకప్పుడు అంగడికి వెళ్తే ఏమేం తేవాలో మర్చిపోకుండా ఒక్కో సామానుకు కొంగున ఒక్కో ముడి వేసుకునేదట. సామాను దొరకగానే ముడి విప్పేది. ముడి లేని సామాను ఎంత చవకగా వచ్చినా కొనేది కాదు. కోడలి విష్‌లిస్టుల చదువంతా ఆ కొంగు దగ్గరిదే. మా అత్త ముళ్ళేసింది, నేను గుండెలు నొక్కుతున్న, అని నవ్వేది.

ఆ పచ్చబొట్టును జాకెట్టు మీదికి తేవాలని ఆమె పట్టుదల. సైట్లన్నీ గాలించింది. పచ్చబొట్టని వెతికితే రెక్కల పాములూ పుర్రెలూ కనబడేవి. ఒక్కటీ అత్త చేతికి దగ్గరగా కూడా లేదు. ఊళ్ళో ఆ చేతులున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళత్తకు కళ్ళు మసకబారాయి, ఒళ్ళు వడలిపోయి బొట్లు ముడతల్లోకి జారిపోతున్నాయి. "ఎవ్వలు అమ్ముతలేరంటె నేనే జెయ్యాలె. అత్త అవునంటెనే అయినట్టు" అంది. అంటే ముసలామె ఉండగానే అవ్వాలి. గీతను కుట్టుగా మార్చడానికి వేరే సాఫ్ట్‌వేరు కావాలి. దానికోసం ఆమె విడిగా డబ్బు దాచుకుంటూ వచ్చింది.

సరిగ్గా అది కొనే సమయానికి ఆమెకు కడుపులో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ఆమె దవాఖానాలో ఉండగా భర్త ఇంట్లో ఆమె ఫోను తెరిచాడు. పాపం, మంచి మనిషి, పెళ్ళాం ఇంటికొచ్చేసరికి ఏదైనా ఆనందపెట్టే పని చేయాలనుకున్నాడు. ఆపరేషన్ హడావుడిలో కొన్ని వారాలుగా దులపని అటక నిండా గుండెలు కనబడ్డాయి. నాతో తర్వాత చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు. "గుండె గుర్తు వెట్టిందంటె పానం వెట్టుకున్నట్టే అనుకున్న. ఎన్నడు తనకోసం కొనుక్కోదు, అన్ని అటక మీదనే వెట్టుకున్నది అనుకున్న." అటక మొత్తం కొనేశాడు. సాఫ్ట్‌వేరు కోసం దాచింది అందులో ఊడ్చిపెట్టుకుపోయింది. మంచికి పోతే చెడ్డ ఎదురైనట్టయింది.

ఆమె ఇంటికొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మంచం మీద పొట్టకు దిండు అదుముకుని కూర్చుంది. ఆయన పెళ్ళిచూపుల్లో పిల్లాడిలా సిగ్గుపడుతూ ఫోను చేతికిచ్చాడు. ఆమె ఒక కన్ను మూసి చూసింది. విదేశీ పండుగల మంచుదుప్పులు, ఒంటికొమ్ము గుర్రాలు, మంచుబొమ్మలు, కళ్ళూ ముక్కులూ ఉన్న రకరకాల గుమ్మడికాయలు, మళ్ళీ నెమళ్ళు. తను పంతం పట్టి వద్దనుకున్నవన్నీ ఒక్క చోట.

ముందు నవ్వింది. దిండును గట్టిగా అదుముకుని, నవ్వియ్యకుండ్రి, కుట్లు పిగుల్తయ్, అంటూ నవ్వింది. వాపసు ఇవ్వచ్చేమో చూడమన్నాను. ఆయన అన్నీ డౌన్‌లోడ్ కూడా చేసేశాడు, దిగినదానికి వాపసు లేదు. అప్పుడు ఆమె నవ్వు ఆగింది. వెనకగది వైపు చూసింది. లోపల ముసలామె దగ్గు వినబడుతోంది. ఆయన తల ఎత్తలేదు. ఆమె ఎక్కడ ఒక మాట అంటుందోనని నేను భయపడ్డాను. నేనైతే వదిలేదాన్ని కాదు, ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

"కొన్నం గదా. ఇగ కుట్టాలె" అంది ఆమె.

అని ఊరుకోలేదు. కుట్లు ఆరీ ఆరకముందే పొట్టకు దిండు కట్టుకుని మిషను ముందు కూర్చుంది. కొన్ని రోజులు ఆగమని పోరాను. "నాకు ఆగనీకి టైమున్నది టీచరమ్మా. అత్త చేతికి లేదు" అంది.

ఆ ఎండాకాలం నాచారం వాళ్ళెవరూ మర్చిపోరు. తారు కరిగే ఎండలో చిన్నపిల్లల గౌన్ల మీద మంచులో పరుగెత్తే దుప్పులు. దిండు గలీబుల మీద మంచుబొమ్మలు. చేతిరుమాళ్ళ మీద ఒంటికొమ్ము గుర్రాలు. ఇదేంది ఈ కాలంలో అని ఎవరైనా అడిగితే, ఎండకాలం మంచుబొమ్మను సూస్తె సల్లగుంటది, అని ముఖంలో నవ్వు కనబడకుండా చెప్పేది. కొన్నవాళ్ళు కొని ఊరుకోక, పక్కవాళ్ళకూ చెప్పారు. కళ్ళూ ముక్కులున్న గుమ్మడికాయలను మాత్రం ఎవరికి అమ్మాలో తెలియక తికమకపడి, చివరికి దిష్టికి పనికొస్తాయని ఆటోవాళ్ళకు వేలాడగట్టే గుడ్డలు చేసింది. ఉప్పల్ దాకా ఆటోల అద్దాల ముందు అవే ఊగేవి. భర్త డ్యూటీ నుంచి రాగానే దారాలు కత్తిరించే పనిలో కూర్చునేవాడు. తప్పు చేసినవాడిలా కాదు, పని దొరికినవాడిలా.

వానలు మొదలయ్యే ముందు ఆమె సాఫ్ట్‌వేరు కొంది. కొన్న నాడే కుట్టాలనే నియమం కదా, ఆ పూటే అత్త చెయ్యి దిండు మీద పెట్టించింది. నన్ను పట్టుకోమంది. ముడతలను రెండు వేళ్ళతో సాగదీసి, పైన పల్చటి కాగితం పరిచి గీస్తూ వచ్చింది. తేలు వచ్చింది. చెట్టు వచ్చింది. ఒక కొమ్మ చివర చుక్క మాత్రం పక్కకు పోతోంది. చర్మం వదులై జారిందనుకుని మళ్ళీ సాగదీసింది. ఇటు లాగినా అటు లాగినా అది వరసలోకి రాలేదు.

ముసలామె అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉంది. "అది గంతే బిడ్డా. సూది కుచ్చంగనే నేను చెయ్యి గుంజుకున్న. ఆడ వంకర వోయింది. మా అవ్వ వీపుల రెండు సరిసింది" అంది.

అని పళ్ళు లేని నోటితో కిలకిలా నవ్వింది. ఆ నవ్వు ముసలామెది కాదు, సూదికి భయపడి ఏడ్చిన పిల్లది. నా చేతిలో ఆమె చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలు మాత్రం ఆ చుక్కను పక్కకే గీసింది.

డిజైను ఒక పట్టాన కుదరలేదు. చుక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి, తేలు తోక తెగేది. గుడ్డ తర్వాత గుడ్డ పారేసింది. ఒక మధ్యాహ్నం తెల్ల గుడ్డ మీద పచ్చ దారంతో శుభ్రంగా వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది. ముసలామెకు కనబడదు. వేలితో తడిమింది. తేలు తోక మీదుగా, కాండం మీదుగా, కొమ్మ వెంట ఒక్కో చుక్కా తడుముతూ వెళ్ళి, వరస తప్పిన చోట ఆగింది.

"ఆఁ. గీడనే" అంది.

అంతే. ఆమె ముందుగదిలోకి వచ్చి, బొటనవేలు కొంగుకు తుడుచుకుని, 'అత్త చెయ్యి' అనే పట్టికను ఫోన్లోంచి తీసేసింది. దొరికింది గదా, ముడి విప్పాలె, అంది. అదే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను చూడనట్టు బయటికి చూశాను.

ఆ వానాకాలమే ముసలామె పోయింది. మేం కాప్రాలో సొంత ఫ్లాటులోకి మారాం. అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. ఆ డిజైను అమ్మకానికి పెట్టావా అక్కా అని అడిగితే, తోటి మిషను వాళ్ళు ఆ చుక్క సరిచేయమంటున్నారని చెప్పింది. చూసినవాళ్ళు కుట్టు తప్పిందనుకుంటారట, ఎవరూ కొనరట. మరి ఏం చేస్తావన్నాను. "అటక మీదున్నది. అంగడి నాడు సూద్దం" అని నవ్వింది. సరిచేస్తుందో లేదో, అసలు పెడుతుందో లేదో ఆ ముఖం చూస్తే తెలిసేది కాదు.

పోయినేడు ఆమె కూడా పోయింది. ఆపరేషన్ చేసిన రోగమే తిరగబెట్టింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. వారం వారం అంగడి పెట్టుకున్న మనిషికి ఒక్క వారం ఎక్కువ ఉండకూడదా అని. వెళ్ళినప్పుడు మిషను మీద పాత చీర కప్పి ఉంది. ఆయన దాని పక్కనే కూర్చున్నాడు. ఆ డిజైను సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంక అది లేనట్టే అనుకున్నాను.

అందుకే స్కైవాక్ మీద ఆ పిల్ల వెనక పరుగులాంటి నడక నడిచాను. మెట్ల దగ్గర అందుకుని, ఏమనుకోకమ్మా, ఈ డిజైను ఎక్కడిది అని అడిగాను. ఆయాసపడుతున్న నన్ను చూసి భయపడిందో జాలిపడిందో గానీ, ఆగి చెప్పింది. ఆన్‌లైన్‌లో కొన్నదట. చెంగిచెర్లలో ఒకావిడ దగ్గర కుట్టించుకుందట. ఆ టైలరమ్మ కూడా చుక్క తప్పు పోయింది, సరిచేస్తానందట.

"నేనే వద్దన్న ఆంటీ. అమ్మినామె కింద రాసింది గదా" అని ఫోను తీసి చూపించింది.

తెల్ల గుడ్డ మీద పచ్చ తేలు, చుక్కల చెట్టు. కింద తెలుగులో, మిషనక్క మాట్లాడినట్టే ఉంది. "ఈ చుక్కను సరిజెయ్యకుండ్రి. ఈడ ఆమెకు నొచ్చింది."

మెట్లెక్కే జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. నేను రెయిలింగ్ పట్టుకున్నాను. చూసిన రోజే కొన్నావా అమ్మా అన్నాను.

"లేదాంటీ. మస్తు దినాలు విష్‌లిస్టుల వెట్టుకున్న. మా అక్క పెండ్లి కుదిరినంకనే కొన్న. ఇగ ఆ దినమే కుట్టిచ్చిన."

అక్కా, విన్నావా, అనుకున్నాను. ఒకసారి ముట్టుకోనా అని ఆ పిల్లను అడిగాను. చెయ్యి ముందుకు చాచింది. వేళ్ళు చీర కొంగుకు తుడుచుకుని ఆ చుక్క మీద వేలు పెట్టాను. పిల్ల చెయ్యి గుంజుకోలేదు.